బంతి దగ్గర లేనప్పుడు చూడండి: ఫుటీ డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లను గమనించే పద్ధతి

శనివారం పొద్దున ఆరున్నరకి మా ఒంగోలు ఇంటి వసారాలో ఫోను గోడకి ఆనించి పెట్టుకుని కూర్చుంటాను. అప్పటికి మెల్‌బోర్న్‌లో పదకొండు గంటలు. అక్కడ చలికాలం, సన్న చినుకులు, ఆడేవాళ్ల నోట్లోంచి ఆవిర్లు. ఇక్కడ జూన్ నెల, అప్పుడే ఉక్క. తెర మీద పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రాళ్లు కోలగా ఉండే బంతి వెంట పరుగెడుతుంటారు. నా ఒళ్లో రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. నీలంతో ఆ కుర్రాడు చేసిన మంచి పని రాస్తాను. ఎర్రతో, తప్పు చేశాక వాడేం చేశాడో రాస్తాను.

ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేశాను. కబడ్డీ, ఖోఖో నేర్పాను. మండలం జట్లకీ జిల్లా జట్లకీ పిల్లల్ని ఎంపిక చేశాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లి ఆరు నెలలున్నాను. మనవడు బడిలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడతాడు. అక్కడ అందరూ దాన్ని ఫుటీ అంటారు. వాడి కోసం గ్రౌండుకి వెళ్లిన దాన్ని, ఆ ఆట మీదే ప్రేమ పెంచుకుని తిరిగొచ్చాను. వచ్చి నాలుగు సీజన్లయింది. ఒక్క ఏడాది కూడా డ్రాఫ్ట్, అంటే పెద్ద క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం, వదల్లేదు.

నా దగ్గర చదివిన వాళ్లలో ముగ్గురు ఇప్పుడు పీఈటీలు. ఇంకొందరు మెల్‌బోర్న్‌లోనూ అడిలైడ్‌లోనూ స్థిరపడ్డారు. "మేడం, మావాడు ఫుటీ ఆడతన్నాడు. ఎవరు పైకొస్తారో ఎట్టా తెలుస్తది? ఏం చూడాల?" అని ఫోన్లు చేస్తుంటారు. ఒక్కొక్కరికి చెప్పేది అందరికీ ఒకసారి చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందుగా కాస్త

కోడిగుడ్డు ఆకారపు పెద్ద మైదానం, జట్టుకి పద్దెనిమిది మంది, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతి కాలితో పంపితే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్య పోతే 1. బంతిని విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, దాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడు పదిహేను మీటర్లకొకసారి దాన్ని నేలకి తాకించాలి. కనీసం పదిహేను మీటర్ల దూరం నుంచి తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే అది మార్క్. అప్పుడు ఎవరూ అడ్డురాకుండా తన్నుకోవచ్చు. ఆఫ్‌సైడ్ లేదు. అంటే మనిషి ఏ దిక్కునుంచైనా మీద పడొచ్చు. కబడ్డీ చూసిన కన్నుకి ఈ ఒక్క విషయం తెలిస్తే సగం ఆట అర్థమైనట్టే.

పెద్దవాళ్ల లీగ్ ఏఎఫ్‌ఎల్. అందులో 18 క్లబ్బులు. ఏటా నవంబర్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది, 1986 నుంచి ఉంది. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బుకి మొదటి ఎంపిక. పై క్లబ్బులు వరసగా తర్వాత. క్లబ్బులు తమ వంతుల్ని ఒకరికొకరు మార్చుకోవచ్చు కూడా. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు పద్దెనిమిది నిండేవాళ్లు అర్హులు. ఎన్ని పాయింట్లు వచ్చినా, తండ్రి ఎంత డబ్బున్నవాడైనా, కుర్రాడు నచ్చిన క్లబ్బుని ఎంచుకోలేడు. క్లబ్బే వాణ్ని ఎంచుకుంటుంది.

సంవత్సరం ఎలా నడుస్తుందో తెలిస్తే ఎప్పుడు చూడాలో తెలుస్తుంది. విక్టోరియాలో ప్రాంతాల వారీగా అండర్-18 జట్లుంటాయి. డాండెనాంగ్ స్టింగ్‌రేస్, గిప్స్‌ల్యాండ్ పవర్, బెండిగో పయనీర్స్, ఇలా పన్నెండు. వాటితో పాటు టాస్మేనియా జట్టు, ఉత్తరాది (న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌ల్యాండ్) క్లబ్బుల అకాడమీలు. ఈ పోటీ పేరు టాలెంట్ లీగ్. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా కుర్రాళ్లు తమ రాష్ట్ర లీగుల్లో ఆడతారు. చలికాలం మధ్యలో అండర్-18 జాతీయ ఛాంపియన్‌షిప్. అక్టోబర్‌లో కంబైన్ అనే పరీక్షలు. ఆ తర్వాత డ్రాఫ్ట్. వీటిలో చాలా మ్యాచులు ఏఎఫ్‌ఎల్ వాళ్ల వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మన గడియారానికి నాలుగున్నర గంటలు కలుపుకోండి, అక్టోబర్‌లో అక్కడ గడియారం ముందుకి జరిపాక ఐదున్నర.

ఒక్కణ్ణే చూడండి

ఇదే అసలు సంగతి. మిగతాదంతా మర్చిపోయినా ఇదొకటి గుర్తుపెట్టుకోమని అడుగుతాను.

మ్యాచ్ మొదలయ్యేముందే ఒక కుర్రాణ్ణి ఎంచుకోండి. నంబరు రాసుకోండి. నాలుగు క్వార్టర్లూ వాణ్ని తప్ప ఇంకెవర్నీ చూడకండి. బంతి అటు చివర ఉంటే కూడా మీ కన్ను వాడి మీదే ఉండాలి. మొదటి పది నిమిషాలు చాలా కష్టం. కన్ను బంతి వెంట పోతానంటుంది. పదిహేనో నిమిషానికి వాడి నడక, ఊపిరి, విసుగు, ఆశ అన్నీ కనిపించడం మొదలవుతుంది.

ఎందుకంటే, మ్యాచ్ మొత్తంలో ఒక మంచి మిడ్‌ఫీల్డర్ చేతికి బంతి పాతిక, ముప్పై సార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లకి మించి ఉండదు. లెక్కేయండి. రెండు గంటల మ్యాచ్‌లో వాడి చేతిలో బంతి ఉండేది రెండు నిమిషాలు కూడా కాదు. ఆ రెండు నిమిషాలు అందరూ చూస్తారు. మిగతా సమయమంతా వాడేం చేస్తున్నాడో చూసినవాళ్లకే వాడు తెలుస్తాడు.

మనలాంటి వాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. కెమెరా బంతి వెంటే పోతుంది, మనం ఎంచుకున్న కుర్రాడు తెర బయటే ఉండిపోతాడు. దీనికి నేను కనుక్కున్న దారి ఇది. గోల్ పడ్డాక మళ్లీ మైదానం మధ్యలో ఆట మొదలయ్యేటప్పుడు, వెనక నుంచి బంతిని తన్ని ఆట తిరిగి ప్రారంభించేటప్పుడు, బంతి గీత దాటి బయటికి పోయాక కెమెరా దూరం జరుగుతుంది. ఆ పది సెకన్లలో మీ కుర్రాడు ఎక్కడున్నాడో వెతకండి. ప్రత్యర్థి వెనక నిలబడ్డాడా, ముందు నిలబడ్డాడా? పక్కవాడికి చెయ్యెత్తి చూపిస్తున్నాడా? మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడా? ఆ ఒక్కదానికే నేను వీడియోని ఆపి ఆపి చూస్తాను. ఒక మ్యాచ్‌కి మూడు గంటలు పడుతుంది. మా ఇంటాయన టిఫిన్ ఆయనే చేసుకుంటారు శనివారాలు.

అక్కడే ఉండి గ్రౌండుకి వెళ్లగలిగిన వాళ్లు మాత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోకండి. గోల్ స్తంభాల వెనక్కి వెళ్లి, వీలైతే కాస్త ఎత్తులో నిలబడండి. పక్కనుంచి చూస్తే పరుగు కనిపిస్తుంది. వెనక నుంచి చూస్తే వాడు ఖాళీని ఎలా చదువుతున్నాడో కనిపిస్తుంది. ఖోఖోలో చేజర్‌ని వరస పక్కనుంచి కాక స్తంభం వెనక నుంచి చూడమని మా పాత కోచ్ చెప్పేవారు. అదే కారణం.

గాలి ఎటు వీస్తుందో మొదటి పేజీలోనే రాసుకోండి. మెల్‌బోర్న్ మైదానాల్లో గాలి ఆటని సగం మార్చేస్తుంది. కొత్తపట్నం ఇసుకలో పిల్లల చేత వాలీబాల్ ఆడించినప్పుడు నాకు బాగా తెలిసొచ్చిన సంగతే. గాలి వెనక ఉన్న క్వార్టర్‌లో ఎవరైనా యాభై మీటర్లు తన్నుతారు. ఎదురుగాలిలో, తన్నే ఎత్తు తగ్గించి, దగ్గరి వాడికి ఇచ్చి ముందుకి కదిలేవాడి పేరు పక్కన నేను నీలం పెన్నుతో గీత గీస్తాను.

ఏం రాసుకోవాలి

బంతి వచ్చేలోపు తల తిప్పి చూశాడా లేదా. ఇది మొదటిది. బంతి గాల్లో ఉండగానే మంచి ఆటగాడు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పట్టుకునేసరికి ఎవరికివ్వాలో వాడికి తెలిసిపోయి ఉంటుంది. కబడ్డీ రైడర్ గీత దాటకముందే కార్నర్ ఎక్కడున్నాడో చూసుకోడూ, అట్లా. చూడని కుర్రాడికి ఎంత వేగం ఉన్నా పట్టుకున్నాక ఒక సెకను ఆలోచిస్తాడు. అండర్-18లో ఆ సెకను దొరుకుతుంది. పెద్దవాళ్ల ఆటలో దొరకదు. స్కాట్ పెండిల్‌బరీ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చి 2005 డ్రాఫ్ట్‌లో 5వ పిక్‌గా, అంటే ఐదో ఎంపికగా, కాలింగ్‌వుడ్ క్లబ్బుకి వెళ్లాడు. గుంపు మధ్యలో కూడా అతనికి సమయం ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. వేరే ఆట ఆడొచ్చిన పిల్లల్ని తక్కువ చేయకండి. అక్కడ నేర్చుకున్న చూపు ఇక్కడికి వస్తుంది.

తప్పు చేశాక ఐదు సెకన్లు. ఎర్ర పెన్ను దీనికే. బంతి జారవిడిచాడు. అప్పుడు చేతులు పైకెత్తి అంపైర్ వంక చూశాడా, పక్కవాణ్ణి తిట్టాడా, తల వంచుకున్నాడా, లేక బంతి తీసుకుపోతున్నవాడి వెంట పడ్డాడా? మూడేళ్ల కిందట వానలో జరిగిన ఒక మ్యాచ్‌లో 22 నంబర్ వేసుకున్న కుర్రాణ్ణి చూశాను. సన్నగా ఉంటాడు. ఆ రోజు ఆరుసార్లు బంతి జారవిడిచాడు. ఆరుసార్లూ లేచి వెంటపడ్డాడు, రెండుసార్లు టాకిల్ చేసి వెనక్కి తెచ్చుకున్నాడు. లెక్కలు చూసినవాళ్లకి అది చెత్త మ్యాచ్. నా పుస్తకంలో ఆ పేజీ నిండా నీలమే.

రెండో కాలు. కుడికాలి కుర్రాణ్ణి ఎడమవైపుకి తోసుకుపోతే ఏం చేస్తాడు? మొత్తం చుట్టూ తిరిగి మళ్లీ కుడికాలికే తెచ్చుకుంటాడా, ఎడమకాలితో కనీసం ఇరవై మీటర్లు సరిగ్గా పంపగలడా? పదిహేడేళ్లకి నేర్చుకోనిది ఇరవైకి నేర్చుకోవడం కష్టమే.

ఇచ్చిన బంతి ఎలా అందింది. ఇది చాలామంది వదిలేస్తారు. తన్నినవాణ్ణి చూస్తారు కానీ అందుకున్నవాణ్ణి చూడరు. అందుకున్నవాడు ఆగి, వంగి, వెనక్కి జరిగి పట్టుకోవాల్సి వస్తే అది తన్నినవాడి లోపం. పరుగు ఆపకుండా ఛాతీ ఎత్తులో అందితే తన్నినవాడి గొప్ప. లెక్కల్లో రెండూ ఒకటే, రెండూ "అందింది" అనే ఉంటుంది.

ఇక నోటితో చెప్పడం, వేలితో చూపడం. వెనక వరసలో ఆడే కుర్రాడు మాట్లాడకపోతే నాకు అనుమానం వస్తుంది.

మూడుసార్లు

మాది టంగుటూరు పక్క పల్లె. మా నాన్న పొగాకు వేసేవారు, ఒంగోలు గిత్తల్ని పెంచేవారు. గిత్తను కొనాలంటే మూడుసార్లు చూసేవారు. మేతకి కట్టేసినప్పుడు ఒకసారి, నీళ్లకి వదిలినప్పుడు ఒకసారి, ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చాక ఒకసారి. సంతలో నూనె రాసి నిలబెట్టిన గిత్తను చూసి డబ్బులిచ్చేవారు కాదు. పిల్లల్ని పశువులతో పోల్చాలని కాదు నా ఉద్దేశం. చూసే ఓపిక గురించి చెబుతున్నాను.

మీ కుర్రాణ్ణి కూడా మూడుసార్లు చూడండి. వాడి జట్టు గెలుస్తున్న మ్యాచ్ ఒకటి. చిత్తుగా ఓడిపోతున్న మ్యాచ్ ఒకటి. మూడోది, వాడికంటే పెద్దవాళ్లతో ఆడిన మ్యాచ్. కొందరికి రాష్ట్ర లీగులో పెద్దవాళ్లతో ఆడే అవకాశం వస్తుంది. అక్కడ ఎనిమిదిసార్లు బంతి తెచ్చుకున్నా, తోటివాళ్ల మీద పాతికసార్లు తెచ్చుకున్నదానికంటే ఎక్కువ చెబుతుంది. మెల్‌బోర్న్‌లో పెద్ద ప్రైవేటు బడుల కుర్రాళ్లు సీజన్‌లో చాలాభాగం బడి జట్టుకే ఆడతారు, టాలెంట్ లీగ్‌లో తక్కువ కనిపిస్తారు. కనిపించలేదని కొట్టేయకండి. అట్లాగే పల్లెల నుంచి వచ్చేవాళ్లు. 2023లో మొదటి పిక్‌గా వెస్ట్ కోస్ట్ క్లబ్బుకి వెళ్లిన హార్లీ రీడ్‌ది విక్టోరియా ఉత్తరాన టొంగాలా అనే చిన్న ఊరు.

పుట్టిన నెల, ఎత్తు, ఒక అమ్మాయి

నోట్‌బుక్కులో నంబరు పక్కన నేను వేసే రెండో గడి పుట్టిన నెల. మన బండలాగుడు పోటీల్లో పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విడదీస్తారు. ఎందుకు? ఒక్క ఏడు తేడాలో బలం ఎంత మారుతుందో రైతుకి తెలుసు కాబట్టి. డ్రాఫ్ట్‌లో అందరూ ఒకే విభాగం. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే ఏడాది బ్యాచ్. మధ్యలో పదకొండు నెలలు పైగా తేడా. ఆ వయసులో పదకొండు నెలలంటే నాలుగు కిలోల కండ, ఒక అంగుళం ఎత్తు ఊరికే రావచ్చు. మా బడుల్లో అయితే రిజిస్టరు చూస్తే సగం తరగతి జూన్‌లోనే పుట్టినట్టు ఉండేది, బడిలో చేర్చిన రోజు చూసి రాసేసేవాళ్లు. అక్కడ తేదీలు ఖాయంగా ఉంటాయి, క్లబ్బుల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. వాడుకోండి.

నేను ఈ గడి ఎందుకు వేస్తానో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట జిల్లా ఖోఖో ఎంపికల్లో కమిటీలో ఉన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. చిన్న పిల్ల. మిగతా వాళ్ల కంటే ఒక చేయి తక్కువ ఎత్తు. పరుగు పందెంలో వెనకబడింది. కానీ "ఖో" వినపడీ వినపడగానే లేచేది. ఎదుటివాళ్ల నడుము చూసి ఎటు తిరుగుతారో కనిపెట్టేది. నాకు అది కనిపించింది కూడా. అయినా పేరు పక్కన "చిన్నది, వచ్చే ఏడు చూద్దాం" అని రాశాను. మరుసటి ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. ఇంట్లో పెళ్లి చేసేశారు. ఆ కాగితం మీద నా చేతిరాత నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఏ ఎంపికలోనైనా ఎత్తు రాసేముందు పుట్టిన తేదీ అడిగాను. ఫుటీ చూసేటప్పుడూ అదే చేస్తున్నాను.

ఎత్తు చూసో ఇంకేదో కారణంతోనో వెనక్కి నెట్టిన వాళ్లు ఎలా ఎదిగారో ఈ ఆట చరిత్రలో బోలెడు కనిపిస్తుంది. కేలెబ్ డేనియల్ 168 సెంటీమీటర్లు. 2014 డ్రాఫ్ట్‌లో 46వ పిక్. రెండేళ్లకి, 2016లో, వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఛాంపియన్ జట్టులో ఉన్నాడు. లాకీ నీల్ 2011లో 58వ పిక్, తర్వాత లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ రెండుసార్లు గెలిచాడు, 2020లోనూ 2023లోనూ. అంతకుముందు డేన్ స్వాన్ కూడా సరిగ్గా 58వ పిక్కే, 2001 డ్రాఫ్ట్. 2011లో అదే మెడల్. జేమ్స్ హర్డ్‌నైతే 1990 డ్రాఫ్ట్‌లో 79వ పిక్ దాకా ఎవరూ పిలవలేదు. ఈ అంకెలు నా నోట్‌బుక్కు అట్ట లోపలి వైపు రాసి పెట్టుకున్నాను. ఎవరి పేరు పక్కనైనా "చిన్నవాడు" అని రాయబోయే ముందు అట్ట తెరుస్తాను.

పొడుగువాళ్లకి ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. బంతి పైకి లేచినప్పుడు గాల్లో పోరాడేవాణ్ణి రక్‌మన్ అంటారు, రెండు మీటర్ల మనిషి. పదిహేడేళ్లకి వాడి కాళ్లు వాడి మాట వినవు. మ్యాక్స్ గాన్ 2009లో 34వ పిక్. ఏటా లీగ్‌లోని మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో మొదటిసారి చోటు దొరికింది 2016లో. 2021లో మెల్‌బోర్న్ క్లబ్బుకి కెప్టెన్‌గా ట్రోఫీ ఎత్తాడు. రక్‌మన్ విషయంలో ఇవాళ ఎంత బాగా ఆడాడన్నది నేను చూడను. దిగిన తర్వాత, అంటే గాల్లో ఓడిపోయి నేల మీద పడ్డాక, రెండోసారి బంతి కోసం వంగుతాడా అని చూస్తాను.

అంకెల గురించి, కంబైన్ గురించి

మ్యాచ్ అయ్యాక వచ్చే లెక్కల్లో డిస్పోజల్స్ అని ఉంటుంది. ఎన్నిసార్లు తన్నాడు, ఎన్నిసార్లు హ్యాండ్‌బాల్ చేశాడు, రెండూ కలిపి. ముప్పై దాటితే అందరూ మెచ్చుకుంటారు. నేను దాని పక్కనున్న అంకె చూస్తాను. గుంపులో కొట్లాడి తెచ్చుకున్నవి ఎన్ని, ఖాళీగా నిలబడి అందుకున్నవి ఎన్ని? ముప్పైలో ఇరవై ఆరు ఖాళీగా అందుకున్నవైతే, వాడి పని మంచిదే కానీ వాడు చేసినది నేను ముందు అనుకున్నంత బరువైనది కాదు. పదహారే ఉండి అందులో పది గుంపులోంచి తెచ్చుకున్నవాణ్ణి మరోసారి చూడాలి. ఫార్వర్డ్‌కి ఈ అంకెలు పనికిరావు. వాడు చేసిన టాకిల్స్, పరుగెత్తి ఖాళీ చేసిన చోటు చూడాలి.

కంబైన్‌లో ఇరవై మీటర్ల పరుగు, నిలబడి ఎగరడం, పరుగెత్తి ఎగరడం, మెలికలు తిరిగే పరుగు, రెండు కిలోమీటర్ల పరుగు పెడతారు. ఇరవై మీటర్లు 2.9 సెకన్లలోపు చేసినవాణ్ణి నిజంగా వేగమున్నవాడిగా లెక్కేయొచ్చు. రెండు కిలోమీటర్లు ఆరు నిమిషాల దగ్గర చేసేవాడికి ఊపిరి ఉన్నట్టు. నేను కూడా ఎన్నో ఏళ్లు స్టాప్‌వాచ్ పట్టుకున్నదాన్నే, ఆ పరీక్షల విలువ తెలుసు. కానీ కంబైన్ అంకెని కొత్త సంగతిగా తీసుకోకండి. మీరు మైదానంలో చూసినదానికి అది సాక్ష్యం మాత్రమే. మ్యాచ్‌లో నెమ్మదిగా కనిపించినవాడు కంబైన్‌లో వేగంగా పరుగెత్తితే, వాడు మ్యాచ్‌లో ఎందుకు ఆలస్యంగా కదులుతున్నాడని తిరిగి వీడియో చూడండి. సాధారణంగా జవాబు కాళ్లలో ఉండదు, చూపులో ఉంటుంది.

కంబైన్‌లో పరుగులతో పాటు క్లబ్బుల వాళ్లు కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడతారు. ఇంటి గురించి, చదువు గురించి, దెబ్బల గురించి అడుగుతారు. అది మనకి కనిపించదు. కానీ దాని బరువు పెద్దది. మెల్‌బోర్న్ కుర్రాణ్ణి పెర్త్ క్లబ్బు పిలిస్తే విమానంలో నాలుగు గంటల దూరం. పద్దెనిమిదేళ్లకి అమ్మ చేతి అన్నం వదిలి పోవాలి. మా బడి నుంచి ఒక కుర్రాణ్ణి దూరపు స్పోర్ట్స్ హాస్టల్‌కి పంపాను, మంచి రైడర్. రెండు నెలలకి బస్సెక్కి వచ్చేశాడు. ఇంటి మీద బెంగ అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆ కుర్రాణ్ణి నేనెప్పుడూ తప్పుపట్టలేదు. 2021లో మొదటి పిక్ అయిన జేసన్ హార్న్ ఫ్రాన్సిస్ ఒక్క ఏడాది మెల్‌బోర్న్‌లోని నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బుకి ఆడి, తన సొంత రాష్ట్రంలోని పోర్ట్ అడిలైడ్‌కి మారాడు. పిల్లల ఆట రాసుకునేటప్పుడు వాళ్లు ఎక్కడి పిల్లలో కూడా రాసుకోండి.

ఇతరుల లిస్టులు ఎప్పుడు చదవాలి

సెప్టెంబర్ నుంచి డ్రాఫ్ట్ అంచనా లిస్టులు ఎక్కడ చూసినా వస్తాయి. చదవండి, కానీ మీ లిస్టు పేపరు మీద పెట్టి తేదీ వేశాకే. ముందే చదివితే మీ కన్ను వాళ్ల కన్నైపోతుంది. నేను మొదటి ఏడాది చదివి చూశాను. ఎవరు గొప్పవాడని రాశారో వాడే గొప్పగా కనిపించాడు. రెండో ఏడాది నుంచి సెప్టెంబర్ 1న నా పదకొండు పేర్లు రాసి, ఫొటో తీసి మనవడికి పంపేస్తాను. వాడి దగ్గర సాక్ష్యం ఉంటుంది కాబట్టి తర్వాత మార్చలేను.

లిస్టుల్లో వరస, కుర్రాడి సత్తా, రెండూ ఒకటి కాదు. తండ్రి ఒక క్లబ్బుకి వంద మ్యాచులు ఆడి ఉంటే ఆ క్లబ్బుకి కొడుకుని తీసుకునే ముందు హక్కు ఉంటుంది. ఇంకో క్లబ్బు ఆ పేరు పిలిస్తే, తండ్రి క్లబ్బు దానికి సరిపడే వంతుల్ని ఇచ్చి కుర్రాణ్ణి ఉంచుకోవచ్చు. నిక్ డైకాస్ 2021లో అలాగే 4వ పిక్‌గా తండ్రి ఆడిన కాలింగ్‌వుడ్‌కి వెళ్లాడు. ఉత్తరాది క్లబ్బుల అకాడమీ కుర్రాళ్లకీ ఇలాంటి పద్ధతే ఉంది. ఆదివాసీ కుటుంబాల, వలస కుటుంబాల పిల్లల కోసం 2016 నుంచి నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు నడుస్తున్నాయి. మన తెలుగు కుటుంబాల తల్లిదండ్రులకి ఈ చివరిది తెలియాలి. మీ ప్రాంతం ఏ క్లబ్బు అకాడమీ కిందకి వస్తుందో అడిగి తెలుసుకోండి. మొహమాటపడకండి.

ఆడపిల్లలున్న వాళ్లకీ ఒక మాట. ఏఎఫ్‌ఎల్ మహిళల లీగ్ 2017లో మొదలైంది. వాళ్లకీ డ్రాఫ్ట్ ఉంది, అండర్-18 పోటీలున్నాయి. చూసే పద్ధతి నేను పైన చెప్పిందే, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అబ్బాయిల మ్యాచులకి వెళ్లి అమ్మాయిల మ్యాచ్ మొదలవగానే లేచి వెళ్లిపోయే తల్లిదండ్రుల్ని చూశాను. దయచేసి అట్లా చేయకండి.

పేర్లు పిలిచే రోజు

అక్కడ సాయంత్రం మొదలైతే మనకి మధ్యాహ్నం. నేను అన్నం వేళ ముందుకి జరుపుకుంటాను. పిలిచిన పేరు నా పదకొండులో ఉంటే పక్కన టిక్కు, ఎన్నో పిక్కో రాస్తాను. కిందటిసారి పదకొండులో ఆరుగురి పేర్లు పిలిచారు. పిలవని ఐదుగురి పేజీలు అలాగే ఉంచాను.

పొగాకు వేలం కేంద్రంలో కొనేవాళ్లు చెయ్యెత్తని బేలుని "నో బిడ్" అంటారు. నో బిడ్ అయిన బేలు వెనక్కి ఎత్తుకొచ్చిన రోజు మా నాన్న ఇంట్లో మాట్లాడేవారు కాదు. కానీ ఆకు పారేసేవారు కాదు. విప్పి, మళ్లీ గ్రేడ్ చేసి, ఇంకో రోజు తీసుకెళ్లేవారు. ఫుటీలోనూ ఇంకో రోజులున్నాయి. పెద్ద డ్రాఫ్ట్ అయ్యాక రూకీ డ్రాఫ్ట్ ఉంటుంది. సీజన్ మధ్యలో గాయాలతో ఖాళీలొచ్చినప్పుడు ఇంకో డ్రాఫ్ట్ పెట్టే పద్ధతి 2019లో తిరిగి మొదలైంది. ఆ ఏడాదే మార్లియన్ పికెట్‌ని రిచ్‌మండ్ క్లబ్బు అలా తీసుకుంది. అప్పటికి అతనికి 27 ఏళ్లు, కుర్రతనంలో జైలు కూడా చూశాడు. ఏఎఫ్‌ఎల్‌లో అతని మొట్టమొదటి మ్యాచే గ్రాండ్ ఫైనల్. రిచ్‌మండ్ గెలిచింది.

అందుకని పిలవని పేర్ల పేజీలకి ఒక క్లిప్పు పెట్టి, మరుసటి ఏడాది నోట్‌బుక్కు మొదట్లో అంటించుకోండి. వాళ్లు ఏ రాష్ట్ర లీగులో ఆడుతున్నారో ఏప్రిల్‌లో వెతకండి. మళ్లీ మూడు మ్యాచులు చూడండి. నా 22 నంబర్ కుర్రాణ్ణి ఆ ఏడాది ఎవరూ పిలవలేదు. ఇప్పుడు పెద్దవాళ్ల మధ్య ఆడుతున్నాడు, భుజాలు కాస్త నిండాయి, జారవిడిచిన బంతి వెంట ఇంకా అలాగే పడుతున్నాడు. వచ్చే శనివారం వాడి మ్యాచ్ మన టైము ఎనిమిదిన్నరకి.